లంబోర్గిని ఉరుస్ కొనాలా, ఫెరారీ పురోసాంగ్వే కోసం ఆగాలా?

2017లో లంబోర్గిని అమ్మింది 3,815 కార్లు. ఆ డిసెంబరులోనే ఉరుస్ ఎస్‌యూవీని బయటపెట్టింది, 2023కల్లా లెక్క పదివేలు దాటింది, అందులో సగానికి పైగా ఉరుస్‌లే. ఫెరారీ 2013లో ఏడాదికి ఏడు వేల లోపే అని గిరి గీసుకుంది, తర్వాత దాన్ని దాటేసి 2024లో 13,752 కార్లు అప్పగించింది. ఇద్దరూ పెరిగారు, పెరిగిన తీరే వేరు.

ధర: ఇండియాలో ఉరుస్ నాలుగు కోట్ల పైచిలుకు, పురోసాంగ్వే పది కోట్లు దాటుతుంది, అదీ ఆప్షన్లు కలపకముందు.

ఇంజిన్: మొదటి ఉరుస్‌లో 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8 (రెండు టర్బోలు, ఎనిమిది సిలిండర్లు), కింద ఉన్న ప్లాట్‌ఫామ్, అంటే కారు అడుగు నిర్మాణం, ఆడి క్యూ8కీ పోర్షే కయెన్‌కీ కూడా ఉన్నదే. పురోసాంగ్వేలో టర్బో లేని 6.5 లీటర్ల వీ12, అంటే పన్నెండు సిలిండర్లు. ముందు, వెనక తలుపులు ఎదురెదురుగా తెరుచుకుంటాయి, వెనకవి బటన్ నొక్కితే చాలు. నాకైతే మనసు ఇక్కడే పడిపోయింది.

రిస్క్: ఎక్కువ తయారయ్యే కారుకి సెకండ్ హ్యాండ్‌లో బేరం తప్పదు. పురోసాంగ్వేని మొత్తం ఉత్పత్తిలో 20 శాతం దాటనివ్వబోమని ఫెరారీ ముందే చెప్పింది, అందుకే దానికి ఎదురుచూపులు ఎక్కువ.

రోజూ నడపాలి, ఇంట్లో ఐదుగురున్నారు అంటే ఉరుస్ తీసుకోండి, పురోసాంగ్వేలో నాలుగే సీట్లు. పదేళ్లు దాచుకునే ఓపిక, డబ్బు రెండూ ఉంటే మాత్రం ఆ వీ12 కోసం ఆగండి.