ఔలీలో గది తీసుకునే ముందు ‘ఏ టవర్ దగ్గర?’ అని అడగండి

మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకుందామని నెల్లూరు నుంచి ఉత్తరాఖండ్ కొండల్లోని ఔలీ దాకా వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, ఉంటే వాళ్ళు డబ్బు కట్టకముందే ఇది చదవాలి. ‘ఔలీలో హోటల్’ అని చెప్పి అమ్మే గదులన్నీ ఔలీలో ఉండవు. చాలావరకు కింద జోషీమఠ్ ఊళ్ళో ఉంటాయి. అక్కడి నుంచి ఔలీకి ఘాట్ రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల దాకా ఉంది. మామూలు రోజైతే అదో దూరమే కాదు. మంచు పడిన రోజు మాత్రం సగం పూట ఆ రోడ్డుకే పోతుంది.

మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంట్ నెల్లూరు వాడే, పేరు రాయను. ఢిల్లీ నుంచి మళ్ళీ ఢిల్లీ దాకా మనిషికి 28,500 చొప్పున నలుగురికి 1,14,000 తీసుకున్నాడు. కాగితం మీద ‘ఔలీలో మంచుకొండలకు ఎదురుగా డీలక్స్ గదులు’ అని ఉంది. దాని కిందే ‘రోప్‌వే టికెట్లు, రానుపోను, నలుగురికి 4,000’ అని కూడా ఉంది. జోషీమఠ్ నుంచి ఔలీకి దాదాపు నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉన్నమాట నిజమే. 2023 జనవరిలో ఆ ఊళ్ళో నేల కుంగి, ఎనిమిది వందలకు పైగా ఇళ్ళకు పగుళ్ళు వచ్చినప్పుడు దాన్ని ఆపేశారు. మేం వెళ్ళినప్పుడూ అది తిరగడం లేదు. తిరగని రోప్‌వేకి టికెట్లు ఎలా అమ్మావయ్యా అని ఫోన్ చేస్తే, “మీరు వెళ్ళేసరికి స్టార్ట్ అవుతుందనుకున్నాం సార్” అన్నాడు. పక్కనుంచి మా ఆవిడ ఫోన్ లాక్కుని, “స్టార్ట్ అయ్యాకే డబ్బులు తీసుకోవాల్సింది” అని పెట్టేసింది.

ఇక ఆ డీలక్స్ గది. జోషీమఠ్ బజారు వెనక మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే మంచుకొండ కాదు, చేతికందే దూరంలో ఇంకో లాడ్జి గోడ. దాని మీద ఎవరివో లుంగీలు ఆరేసి ఉన్నాయి. దుప్పట్లు తడితడిగా ఉన్నాయి. ఇంకో రెండు ఇమ్మంటే ఒక్కోదానికి 100 అడిగారు. గీజర్ పొద్దున ఒక గంటే వేస్తారట, ఆ గంటలోనే కరెంటు పోయింది. కౌంటర్లో కుర్రాడు మంచివాడు, ఆ గది అసలు అద్దె రోజుకు 1,800 అని అడగ్గానే చెప్పేశాడు. మా బిల్లులో అదే గదికి 6,000 వేశారు.

మా బావది ఒంగోలు. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసి చేసి, ఏ రాయినైనా తట్టి చూడకుండా ఉండలేడు. గదిలోకి వెళ్ళగానే మంచం పక్క గోడలో సన్నటి పగులు కనిపించింది. అంతే, బ్యాగు కూడా దించకుండా కౌంటర్ కుర్రాణ్ణి పట్టుకున్నాడు. ఊరంతా పాత కొండచరియలు జారి పేరుకున్న మట్టి మీద ఉందనీ, బరువైన కట్టడాలు వద్దని 1976లోనే ఆ నేలను పరిశీలించిన మిశ్రా కమిటీ చెప్పిందనీ ఆ కుర్రాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక బావకు నిద్ర పడితే ఒట్టు. అర్ధరాత్రి లేచి టార్చి వేసి ఆ పగులు పెరిగిందా అని చూడటం, “ఏం బామ్మర్దీ, మంచు చూపిస్తానని తెచ్చి గోడలు చూపిస్తున్నావే” అని నన్ను లేపడం. చలికి భయపడి అక్క రానందని బయల్దేరేటప్పుడు బాధపడ్డాం గానీ, ఆ రాత్రి ఆమె లేకపోవడమే మంచిదైంది.

పొద్దున టాక్సీ స్టాండుకు వెళితే పైకి తీసుకెళ్ళి దించి సాయంత్రం తెచ్చేందుకు 3,000 అన్నారు. టైర్లకు గొలుసులు కట్టిన బండే ఎక్కాలి, బేరం లేదు. రోడ్డు మీద ఐసు గట్టిపడిన చోట డ్రైవర్ ఆపేసి “ఇక నడవండి” అన్నాడు. జారుతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకి చేరేసరికి పదకొండున్నర. మూడింటికల్లా కిందికి దిగమని మళ్ళీ డ్రైవర్ ఫోన్. అంటే ఇంత దూరం వచ్చింది మూడు గంటల స్కీయింగ్ కోసమన్నమాట.

మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. ఈ ప్రయాణం మొత్తం తన కోరికే. దారి పొడవునా ఏమీ అనలేదు, ఆ సాయంత్రం మాత్రం “మామయ్యా, ఏజెంట్‌తో గొడవ ఊరెళ్ళాక చూసుకుందాం, పైకి మారిపోదాం” అంది. మారాం. ఔలీలో చిరునామా అంటే రోప్‌వే టవర్ల నంబర్లే. 8వ టవర్ దగ్గర గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ (అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ) వాళ్ళ టూరిస్ట్ రెస్ట్ హౌస్, చెయిర్ లిఫ్ట్ ఉన్నాయి. 10వ టవర్ వాలు పైన ఉంది. గది ఈ రెంటికీ మధ్యలోగానీ, దగ్గరలోగానీ ఉంటే బూట్లు వేసుకుని గుమ్మం దిగగానే మంచులో ఉంటారు. నిగమ్ గదులు నిండిపోయాయి. ఆ పక్కనే ఒకాయన చెక్క ఇంట్లో రెండు గదులు దొరికాయి, ఒక్కోటి 4,500, పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి. అక్కడా రాత్రి కరెంటు పోయింది, పంపులో నీళ్ళు గడ్డకట్టాయి, వేణ్ణీళ్ళు బకెట్ 50. అయినా ఎవరూ సణగలేదు. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా నందాదేవి, 7,816 మీటర్లు. బావ కాసేపు ఆ కొండను చూసి “ఇది గట్టి రాయే” అన్నాడు.

బూట్లు, స్కీలు, కర్రలు కలిపి రోజుకు మనిషికి 800, నేర్పే కుర్రాడికి మా ముగ్గురికీ కలిపి 2,500. మా ఆవిడ బూట్లు వేసుకుని నాలుగడుగులు వేసి, “ఇవి కాళ్ళకు కట్టిన రోలుబండలు” అని విప్పేసి, గొర్సన్ బుగ్యాల్ వైపు నడకకు పోయింది. ఔలీ నుంచి మూడు కిలోమీటర్లు పైకి, ఎండాకాలంలో పచ్చిక మైదానమట, మేం చూసినప్పుడు అంతా తెలుపే. స్కీయింగ్ రానివాళ్ళు వెంట ఉంటే ఆ నడక తప్పకుండా పెట్టుకోండి.

నేర్పిన కుర్రాడు పక్క పల్లె వాడు. మొదట పడటం నేర్పాడు, పక్కకి వాలి కూర్చున్నట్టు పడాలి, చేతులు నేలకు ఆనించకూడదు. తర్వాత స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి బ్రేకు వేయడం. ఇది వచ్చేదాకా చెయిర్ లిఫ్ట్ ఎక్కనివ్వలేదు. మేనకోడలు మధ్యాహ్నానికల్లా మలుపులు తిరిగింది. బావ మాత్రం బ్రేకు వేయడం మర్చిపోయి ఒక గుజరాతీ కుటుంబం ఫొటో దిగుతుంటే మధ్యలోకి వెళ్ళి ఆగాడు. వాళ్ళూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఒంగోలులో రైలెక్కిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

రెండో నవ్వు తిండి దగ్గర. వచ్చింది మొదలు ఆలూ పరాఠా, మ్యాగీ తిని తిని విసుగెత్తి, సంచిలో కారప్పొడి డబ్బా ఖాళీ చేసేశాం. మేమున్న ఇంటాయన “మా ఇంట్లో తినేది తింటారా?” అని మొహమాటంగా అడిగి తెచ్చిపెట్టాడు. మండువా రొట్టె, గహత్ పప్పు, పైన ఒక గరిటెడు నెయ్యి. ముద్ద నోట్లో పెట్టుకుని బావ ఆగిపోయాడు. “ఒరే, ఇవి మన ఉలవలురా!” రొట్టె చూస్తే రాగిపిండి. మన మెట్ట ఊళ్ళలో రాగి సంగటి, ఉలవచారు తిని పెరిగినవాళ్ళకి రెండు వేల కిలోమీటర్ల అవతల అదే తిండి దొరికితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బావ ఇంకో రెండు రొట్టెలు వేయించుకున్నాడు. మర్నాడు దాన్నే మళ్ళీ చేయమంటే అదనంగా పైసా తీసుకోలేదు, మేం తీసుకెళ్ళిన నెల్లూరు మలై కాజా ఒక పెట్టె ఇచ్చాం. ఔలీలో హోటల్ మెనూ కార్డు పక్కన పెట్టి ఇంటివాళ్ళు ఏం తింటున్నారో అడగండి.

కాశ్మీర్‌లోని గుల్మర్గ్ ఎందుకు వెళ్ళలేదని అందరూ అడుగుతున్నారు. గొండోలా (కేబుల్ కారు) ఎక్కి నిటారు వాలుల మీద జారగలిగినవాళ్ళకు గుల్మర్గ్ సరైనది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అక్కడి జనం, బేరాలు తలనొప్పి. మనాలీ దగ్గర సోలాంగ్‌లో అయితే స్కీలు తొడిగి ఫొటో తీసి పంపేస్తారని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఔలీలో సాయంత్రం ఐదు దాటితే చేయడానికి ఏమీ లేదు. షాపింగ్ లేదు, డీజే లేదు, చలిమంట దగ్గర కూర్చోవడమే. అది బోరు అనుకునేవాళ్ళు వెళ్ళకండి. నిజంగా నేర్చుకోవాలంటే నిగమ్ వాళ్ళ ఏడు రోజుల కోర్సు ఉంది, వాళ్ళ దగ్గరే నేరుగా బుక్ చేసుకోవచ్చు. మంచుకు ఫిబ్రవరి నమ్మకం. జనవరిలో ఒక్కోసారి నేల కనిపిస్తుంది. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ జరిగిన చోటే ఈమధ్య మంచు చాలక పోటీలు వాయిదా పడ్డాయి.

జోషీమఠ్‌లో బస వద్దన్నాను గానీ ఊరు వద్దనలేదు. నరసింహస్వామి గుడి తప్పకుండా చూడండి, చలికాలంలో బదరీనాథుడి పూజలు అక్కడే జరుగుతాయి. మన మాలకొండ నరసింహస్వామి శనివారం తప్ప దర్శనం ఇవ్వడు కదా, ఇక్కడ ఏ రోజైనా దొరికాడని బావ రెండుసార్లు లోపలికి వెళ్ళొచ్చాడు.

ఏజెంట్ సంగతి: 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాక రోప్‌వే 4,000, గదుల తేడా కింద 10,000 వెనక్కిచ్చాడు. పైన గదులకు, టాక్సీకి మేం అదనంగా పెట్టింది అంతకు రెట్టింపు. కాబట్టి ప్యాకేజీ మానేయండి. నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి ఋషికేశ్, ఋషికేశ్ నుంచి తెల్లవారుజామునే కారు. దారి దాదాపు 250 కిలోమీటర్లు, చీకటి పడేలోపు చేరలేమనిపిస్తే దారిలోని పీపల్‌కోటిలో పడుకోవడం మేలు. చలిబట్టలన్నీ కొనకండి, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, జాకెట్ అక్కడే రోజుకు 300కి అద్దెకిస్తారు. లోపలేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు మాత్రం ఇంటి దగ్గరే కొనుక్కోండి. తిరుగు రైలుకు ముందు ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. చమోలీ దాటాక రాళ్ళు పడి మేం నాలుగు గంటలు రోడ్డు మీదే ఉన్నాం. ఆ ఖాళీ రోజు మిగిలితే ఋషికేశ్‌లో టీటీడీ వాళ్ళ ఆంధ్రా ఆశ్రమం ఉంది, తెలుగులో మాట్లాడి గది అడగొచ్చు.