కోరీలు: కొన్నేళ్లు పెంచాక చెప్తున్న సమీక్ష

కోరీలంటే కోరీడోరస్‌లు, అక్వేరియం అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు (క్యాట్‌ఫిష్). బ్రాంజ్, పాండా, పిగ్మీ... కోరీల్లో ఈ మూడు రకాలనూ ఏళ్ల తరబడి పెంచాను, ఇప్పటికీ పెంచుతున్నాను. ట్యాంకు అడుగు శుభ్రం చేసే పనివాళ్లు కావాలని కొనేటట్టయితే మాత్రం వీటి జోలికి పోకండి. నాచు తినవు, మిగతా చేపల రెట్ట ముట్టవు, పైనుంచి జారిపడ్డ మేతలో నాలుగు పలుకులు ఏరుకుంటాయి గానీ దాంతో వాటి కడుపు నిండదు. "కింద కోరీలు ఉన్నాయిగా, మిగిలింది అవి చూసుకుంటాయి" అనే ధీమాతో నడిచే ట్యాంకుల్లో ఇవి పొట్ట లోపలికి పోయి ఈసురోమంటూ కనిపిస్తాయి. మునిగే పెల్లెట్లు వీటికి విడిగా వేయాల్సిందే. నేను లైటు ఆపాక వేస్తాను, అప్పటికి పైన ఈదే దొంగలు కాస్త సద్దుమణుగుతారు. అప్పుడప్పుడూ ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించిన ఎర్ర పురుగుల మేత) వేస్తే వీటి హడావిడి చూసి తీరాలి.

వీటి విషయంలో అన్నిటికంటే ముఖ్యం ఇసుక. మెత్తటి ఇసుక మీద వదిలితేనే కోరీ అంటే ఏమిటో తెలుస్తుంది: మూతి కళ్లదాకా దూర్చి, ఇసుక నోట్లోకి లాగి, తినేది ఉంచుకుని మిగతాది మొప్పల్లోంచి జల్లెడ పట్టినట్టు వదిలేస్తుంది, రోజంతా ఇదే పని. గులకరాళ్ల మీదా బతుకుతాయి, కానీ రాళ్ల సందుల్లో పడ్డ మేత వాటికి అందదు, అది అక్కడే కుళ్లుతుంది, ఆ మురికిలో తిరిగీ తిరిగీ మీసాలు అరిగిపోతాయి. తప్పు గరుకు రాళ్లదా, మురికిదా అని పెంచేవాళ్లు ఎడతెగకుండా వాదించుకుంటారు. నా ఓటు మురికికే. మీసాలు పొట్టిబడ్డ చేపల్ని శుభ్రమైన ఇసుకలోకి మార్చాక అవి మళ్లీ పెరగడం చూశాను, మొదలంటా పోతే మాత్రం ఆశ తక్కువ. ఇసుకతో తలనొప్పి ఏమిటంటే ఫిల్టర్ అడుగుకు దగ్గరగా ఉంటే రేణువులు మోటారులోకి పోయి గరగరమంటుంది, అందుకని ఫిల్టర్‌ను కాస్త పైకి పెట్టుకోండి.

ఒంటరిగా పెంచొద్దు. ఒకే రకానివి కనీసం ఆరు ఉండాలి, రకానికి రెండు చొప్పున కలిపితే గుంపు కుదరదు. ఒకటో రెండో ఉన్నప్పుడు చెట్టుముక్క వెనక నక్కి కూర్చునే చేపే గుంపులో ఉంటే పట్టపగలే ముందుకొచ్చి తిరుగుతుంది. ట్యాంకు ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, 60 సెంటీమీటర్లు ఉంటే మామూలు కోరీలకు సరిపోతుంది. పిగ్మీలు రెండున్నర సెంటీమీటర్లే, ఇవి అడుగున తక్కువ, నీళ్ల మధ్యలో ఎక్కువ ఈదుతాయి. వాటిని పెద్ద ఏంజెల్ చేపలతో పెట్టకండి, మింగబోతే కోరీ ముళ్లు గొంతులో అడ్డం పడి రెండూ పోతాయి.

ఆ ముళ్ల సంగతి కొనేముందు తెలుసుకోవాలి. వీపు రెక్కకూ పక్క రెక్కలకూ గట్టి ముల్లు ఉంటుంది, భయపడితే నిక్కబొడుచుకుని బిగుసుకుంటాయి, వలలో చిక్కుకుంటే విడదీసేసరికి చేపకూ మనకూ చెమటలు. వేలికి గుచ్చుకుంటే బాగానే మండుతుంది. నేను ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి పట్టుకుంటాను.

కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టే అలవాటు ఇంకోటుంది: ఉన్నట్టుండి రాకెట్‌లా పైకి వచ్చి గుటుక్కుమని గాలి మింగి కిందికి పోతాయి. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పేగుతో పీల్చుకుంటాయి, మామూలే. అన్నీ కలిసి పదేపదే పైకి పరిగెడుతుంటే మాత్రం నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ చేయండి, ఆ రెండూ సున్నా ఉండాలి. నేను వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను. కాస్త చల్లటి నీళ్లు పోసిన మర్నాడు బ్రాంజ్ కోరీలు అద్దం నిండా గుడ్లు అంటించి, మనం తీయకపోతే మళ్లీ అవే తినేస్తాయి!

వేడి విషయంలో అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. పాండాలకూ పెప్పర్డ్ కోరీలకూ 22 నుంచి 24 డిగ్రీలు హాయి. 28 డిగ్రీల దాకా వెచ్చగా ఉండే ట్యాంకైతే స్టెర్బై రకం తీసుకోండి, వెచ్చటి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపలు పెంచేవాళ్లు ఎక్కువగా దాన్నే ఎంచుకునేది అందుకే.

2024లో శాస్త్రవేత్తలు కోరీడోరస్ అనే ప్రజాతిని (జీనస్) ముక్కలు చేసి చాలావాటికి కొత్త పేర్లు పెట్టారు, బ్రాంజ్ కోరీ ఇప్పుడు ఆస్టియోగాస్టర్ ఈనియా. షాపులో మాత్రం కోరీ అంటేనే ఇస్తారు. కొనేటప్పుడు మీసాలు నిండుగా ఉన్నాయా, పొట్ట గుండ్రంగా ఉందా, కింది భాగంలో ఎర్రటి మచ్చలేమైనా ఉన్నాయా చూడండి. ఈ మూడిట్లో ఏదైనా తేడా కొడితే ఆ ట్యాంకులోంచి ఒక్క చేపనూ తీసుకోవద్దు.