చిరిగిన యాక్సిల్ బూట్లతో కొన్ని నెలలు కారు నడిపాక

మా కారుకి ముందు రెండు యాక్సిళ్ల (ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే కడ్డీల) బూట్లూ, అంటే యాక్సిల్ వంగే చోట ఉండే జాయింట్లని కప్పే రబ్బరు తొడుగులూ, ఇంచుమించు ఒకేసారి దెబ్బతిన్నాయి. కుడివైపు చక్రం దగ్గరుండే బయటి బూటు మడతలో పూర్తిగా చిరిగింది. ఎడమవైపు గేర్‌బాక్సు పక్కనుండే లోపలి బూటుకి పగుళ్లు వచ్చి, దాన్ని బిగించి ఉంచే క్లాంపు దగ్గర కాస్త గ్రీజు తడి కనబడేది. రెండూ ఒకేసారి విప్పించే వీలు దొరికేదాకా బండిని అలాగే వాడాను. ఒకే కారు, ఒకే రోడ్లు. అయినా రెండు వైపులా జరిగింది వేరు.

మొదట్లో నడపడంలో ఏ తేడా తెలియదు. స్టీరింగ్ మామూలుగానే ఉంటుంది, బ్రేకు మామూలే, వైబ్రేషన్ లేదు. బూటు బరువు మోసే భాగం కాదు కదా! గ్రీజుని లోపల ఉంచడం, దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా ఆపడం, అంతే దాని పని. కానీ చక్రం తిరిగే వేగానికి చిరుగులోంచి గ్రీజు బయటికి చిమ్ముతూనే ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, టార్చి వేసి చూస్తే రిమ్ము లోపలి వైపు, లోయర్ ఆర్మ్ మీద, బ్రేకు కాలిపర్ మీద నల్లటి చారలు కనిపించాయి. చిరుగు అంచున ఉన్న గ్రీజుని రెండు వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరలాడింది. జాయింటు లోపల బాల్స్ తిరుగుతున్నది ఆ ఇసుకలోనే అని అర్థమైంది.

శబ్దం తర్వాతెప్పుడో మొదలైంది. ఫుల్ లాక్‌లో, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పి, యూటర్న్ తీసుకుంటూ యాక్సిలరేటర్ నొక్కితే టిక్ టిక్ టిక్ అని, చక్రం వేగంతో పాటే పెరిగేది. తిన్నగా వెళ్తే ఏమీ లేదు. కొన్ని వారాలకి మామూలు మలుపుల్లో కూడా వినబడసాగింది. అప్పటినుంచి దూర ప్రయాణాలు పూర్తిగా మానేశాను. జాయింటు విడిపోతే ఇంజిన్ రేజ్ అవుతుంది తప్ప బండి కదలదు. ఆటోమేటిక్ కార్లలో అయితే ‘పార్క్’లో పెట్టినా బండి నిలవకపోవచ్చు, హ్యాండ్ బ్రేకే దిక్కు.

విప్పినప్పుడు కుడి జాయింటులో మిగిలింది బురదలాంటి ముద్ద. తుడిచి చూస్తే బాల్స్ కదిలే గాడుల్లో గుంటలు పడ్డాయి. గోరు పెట్టి లాగితే ఆ గుంటల్లో తగులుకుంటోంది. అరిగిన ఇనుముని ఏ గ్రీజూ తిరిగి తీసుకురాదు, అందుకే ఆ వైపు యాక్సిల్ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఎడమవైపు లోపలి జాయింటులో రోలర్లు నున్నగా ఉన్నాయి. కడిగి, కొత్త గ్రీజు నింపి, కొత్త బూటూ క్లాంపులూ వేస్తే సరిపోయింది. లోపలి జాయింటు బయటిదానంత వంగదు కాబట్టి దాని బూటు ఎక్కువ కాలం మన్నుతుంది. అది అరిగితే సాధారణంగా వేగం అందుకునేటప్పుడు అదురు వస్తుంది. మాకు అంతదాకా రాలేదు.

కాబట్టి, నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పగుళ్లు మాత్రమే ఉండి గ్రీజు ఇంకా లోపలే ఉంటే, దగ్గరి ప్రయాణాలతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. బయటి బూటు తెగిందంటే మాత్రం శబ్దం కోసం ఆగొద్దు. శబ్దం వచ్చేసరికి బూటుతో పోయే పని యాక్సిల్ దాకా వెళ్తుంది. యాక్సిల్ విప్పకుండా అతికించే చీలిక బూట్లు కూడా దొరుకుతాయి, నేను వాటి జోలికి వెళ్లలేదు. అతికే అంచుకి కాస్త గ్రీజు అంటినా జిగురు పట్టదు.

పని చేయించేటప్పుడు రెండు విషయాలు అడిగి మరీ చూసుకున్నాను. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించారా? యాక్సిల్ లాగినప్పుడు కారిన గేరాయిల్‌ని మళ్లీ సరిపడా నింపారా? ఆ తర్వాత బండి చాలా దూరం తిరిగింది. ఫుల్ లాక్‌లోనూ చప్పుడు లేదు, క్లాంపుల దగ్గర తడీ లేదు. టైరు విప్పిన ప్రతిసారీ బూటు మడతల్ని వేలితో విప్పదీసి చూస్తున్నాను, ఎందుకంటే పగులు ముందుగా వచ్చేది ఆ మడతల్లోనే.