సొరచేప భయంతో కొన్నవన్నీ: ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, నా భయం పోలేదు. ఆరేళ్లుగా వారానికి మూడు రోజులు సముద్రంలో ఈదుతున్నా. లేత ఆకుపచ్చగా కనిపించే ఇసుక అడుగు అయిపోయి, ఉన్నట్టుండి నీళ్లు ముదురు నీలంగా మారే చోటు ఒకటుంటుంది చూడండి, అక్కడికి రాగానే ఇప్పటికీ కాళ్లు ముడుచుకుంటాయి. ఇన్నేళ్లలో ఒక్క సొరచేప కూడా కంటపడలేదు. అయినా ముడుచుకుంటాయి. కాబట్టి భయాన్ని జయించినవాళ్లు రాసే సమీక్షల్లో దీన్ని కలపకండి. ఆ భయం పేరు చెప్పి నేను కొన్న సరుకుల్లో ఏది దేనికి పనికొచ్చిందో రాస్తున్నానంతే.

మొదట కొన్నది మణికట్టుకు కట్టుకునే అయస్కాంతం పట్టీ. దీని వెనక ఉన్న సంగతి ఉత్త బూటకం కాదు. సొరచేప మూతి చుట్టూ జిగురుతో నిండిన సన్నటి రంధ్రాలుంటాయి. 1678లో ఇటలీకి చెందిన వైద్యుడు స్టెఫానో లోరెంజీని వాటి గురించి వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఇసుకలో దాక్కున్న చేప ఒంట్లోంచి వచ్చే అతి స్వల్పమైన విద్యుత్తును కూడా వాటితో పసిగడుతుంది. అంత సున్నితమైన మూతి దగ్గర గట్టి అయస్కాంతం ఉంటే చిరాకుపడి పక్కకు పోతుందని అమ్మేవాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా దూరంతోనే. దూరం రెట్టింపైతే అయస్కాంత క్షేత్రం బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మణికట్టు మీదున్న బిళ్ల ప్రభావం నా పాదాల దాకా వచ్చేసరికి ఉన్నా లేనట్టే. మరి నేను భయపడేదేమో పాదాల కోసం!

ఈ లెక్క తెలియక ముందు రెండేళ్లు కట్టుకున్నా. ఒకరోజు ఇంట్లో మర్చిపోయి, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాక గుర్తొచ్చి, తడి కాళ్లతో వెనక్కి వెళ్లిపోయా. ఆరోజు నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇది పరికరమా, తాయెత్తా?

తర్వాత 2018లో వచ్చిన ఒక పరిశోధన చదివాను. ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల దగ్గర అయిదు రకాల పరికరాలను నిజమైన తెల్ల సొరల ముందు పెట్టి చూశారు. అయస్కాంతం పట్టీ పెట్టినా, వాసన మైనం పూసినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బలమైన విద్యుత్ క్షేత్రం పుట్టించే ఒక పరికరం మాత్రం పనిచేసింది. అది లేనప్పుడు 96 శాతం సార్లు ఎర పోయింది, ఉన్నప్పుడు 40 శాతం సార్లు. పనిచేసిందంటే ఇదన్నమాట. సగానికి పైగా తగ్గించడం గొప్పే, కానీ ఎర స్థానంలో నా కాలును ఊహించుకుంటే ఆ నలభై పెద్ద అంకెలాగే కనిపిస్తుంది.

ఆ కోవకే చెందిన విద్యుత్ పరికరం ఒకటి స్నేహితుడి దగ్గరుంటే నాలుగు నెలలు అడిగి తెచ్చుకున్నా. చీలమండకు బ్యాటరీ పెట్టె, దాని వెనక తోకలా ఒక తీగ. సర్ఫింగ్ పలక మీద, డైవింగ్‌లో బాగుంటుందేమో గానీ దూరం ఈదేవాళ్లకు నరకం. ఒక కాలు బరువెక్కి, తెలియకుండానే ఆ పక్కకు తిరిగిపోతుంటాను. తల ఎత్తి చూస్తే నేననుకున్న గుర్తు ఒకచోట, నేనొకచోట. పైగా తీగ రెండో కాలికి తగిలినప్పుడల్లా చురుక్కుమని షాకు. సొరకు కొట్టాల్సింది నాకే కొట్టింది, అదీ నాలుగైదు సార్లు. తెల్ల సొరలు తరచూ తిరిగే నీళ్లలోనే రోజూ దిగాల్సి వస్తే ఈ ఇబ్బంది భరించి అయినా వాడతా. నా నీళ్లకు అంత అవసరం లేదని తిరిగి ఇచ్చేశా.

ఫోన్లో సొరల ఆచూకీ చూపించే యాప్ ఉచితం. అన్నిటికన్నా ఖరీదు పడింది మాత్రం అదే, ఎందుకంటే నిద్ర పాడుచేసింది. ట్యాగు తగిలించిన సొరలే అందులో కనిపిస్తాయి. అవి కూడా రెక్క నీటి పైకి తేల్చినప్పుడే సంకేతం అందుతుంది. అంటే మ్యాపు ఖాళీగా ఉంటే సొరలు లేవని కాదు, చుక్క కనిపిస్తే అక్కడే ఉందనీ కాదు. ఇది తెలిసి కూడా రాత్రి పదకొండింటికి చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. తీసేశా.

అంకెలు తెలియక కాదు. ఫ్లోరిడా మ్యూజియం నడిపే అంతర్జాతీయ రికార్డు ప్రకారం, రెచ్చగొట్టకుండా సొరలు మనుషుల్ని కరిచిన ఘటనలు ప్రపంచం మొత్తమ్మీద 2023లో 69, 2024లో 47. నీళ్లలో మునిగి చనిపోయేవాళ్లు ఏడాదికి మూడు లక్షలకు అటూఇటూ. ఇవన్నీ ఒడ్డున కూర్చుని అప్పజెప్పగలను. తల నీళ్లలో పెట్టాక ఒక్కటీ గుర్తుండదు.

ఇక అసలు సరుకు. నడుముకు బెల్టుతో కట్టుకుంటే వెనక తేలుతూ వచ్చే నారింజ రంగు గాలి సంచి. దీన్ని కూడా సొర భయంతోనే కొన్నా. ఏదైనా వస్తే మధ్యలో అడ్డం పెట్టొచ్చని! నవ్వకండి. మొదటి వారమే అది నన్ను హడలగొట్టింది. పొద్దెక్కాక ఈదుతున్నా, అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. ఎడం పక్కన ఇసుక మీద కోలగా, నల్లగా ఒకటి నాతోపాటే కదులుతోంది. ఆగితే ఆగింది. కదిలితే కదిలింది. నోట్లోకి నీళ్లు పోయాయి, దగ్గొచ్చింది, చేతికందిన సంచిని గట్టిగా వాటేసుకున్నా. కింద నల్లటిది వచ్చి నా నీడలో కలిసిపోయింది. అప్పుడు అర్థమైంది, నేను వాటేసుకున్నదాని నీడ చూసే నేను భయపడుతున్నానని. ఆ తాడు పిక్కకు తగిలి ఉలిక్కిపడ్డ సార్లకైతే లెక్కే లేదు. తాడు కొంచెం కురచ చేస్తే సంచి నడుము దగ్గరే ఉంటుంది, తగలదు. ఇది నాకు మూడో ఏట గానీ తట్టలేదు.

అది నిజంగా అక్కరకొచ్చింది నాలుగో ఏట. ఒడ్డున అలలు విరుగుతున్న వరసలో ఒకచోట మాత్రం నురగ లేకుండా ప్రశాంతంగా కనిపిస్తే, బాగుంది కదా అని అక్కడ దిగా. అలలు తెచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అదేనని తెలిసేలోపే ఒడ్డు దూరమైపోయింది. రిప్ కరెంట్ అంటారే, అది. మొదట బుద్ధిలేక ఒడ్డు వైపే బాదాను. చేతులు బరువెక్కాయి. తర్వాత సంచి మీద రొమ్ము ఆనించి ఊపిరి కుదుటపడేదాకా తేలాను. ఆ ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోయి, లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా చాలాసేపు ఈది, అలలు విరిగే చోట బయటికొచ్చా. ఆ అరగంటలో సొరచేప మాటే గుర్తు రాలేదు. పడవవాళ్లు దూరం నుంచే నన్ను చూసి పక్కకు తిప్పుకోవడం కూడా ఆ నారింజ రంగు చలవే.

సంచిలో లోపాలు లేకపోలేదు. మూత దగ్గర గాలి మెల్లగా దిగిపోతుంది, ఏడాదిన్నరకు బెల్టు కొక్కెం విరిగింది. ఎదురుగాలి రోజున వెనక్కి లాగుతుంది. ఇప్పుడు వాడుతున్నది మూడోది.

2013లో అమెరికా ఈతగత్తె డయానా నయాడ్ 64 ఏళ్ల వయసులో సొరల నుంచి కాపాడే బోను లేకుండా క్యూబా నుంచి ఫ్లోరిడాకు ఈదినప్పుడు, సొరల్ని కనిపెట్టడానికి పక్కన డైవర్లు ఉన్నారు. ఆమె తన ముఖానికి ప్రత్యేకంగా చేయించుకున్న తొడుగు మాత్రం జెల్లీఫిష్‌ల కోసం. అంతకు ముందు ఆమె ప్రయత్నాలను దెబ్బతీసినవాటిలో అవీ ఉన్నాయి. ఆ ఈతను రికార్డుగా ఒప్పుకోవాలా వద్దా అన్న గొడవ నాకొద్దు. ఆ తొడుగు సంగతి చదివాకే నేనూ పొడుగు చేతుల పల్చటి ఈత చొక్కా కొన్నా, జెల్లీఫిష్ కాట్లు బాగా తగ్గాయి.

డబ్బు పెట్టకుండా పాటించేవి కొన్నున్నాయి. మసక వెలుతురులో దిగను. వానల తర్వాత ఏరు కలిసే చోటుకు వెళ్లను. చేపలు కోసి వ్యర్థాలు పారేసే చోటు, పక్షులు గుంపుగా నీళ్లలోకి దూకే చోటు కనిపిస్తే ఆరోజుకు ఇంటికి. గొలుసు, ఉంగరం ఒడ్డునే తీసేస్తా. ముదురు నీలం గీత దగ్గర నీళ్లలోకి ఊపిరి గట్టిగా వదిలి, ఇరవై బారలు లెక్కపెడతా. ఇరవై అయ్యేసరికి కాళ్లు మళ్లీ చాపుకుంటాయి.

అయస్కాంతం పట్టీ పారేయలేదు. రబ్బరు గట్టిపడింది గానీ బిళ్ల బలం అలాగే ఉంది. ఫ్రిజ్ తలుపు మీద ఆటుపోట్ల పట్టికను పట్టుకుని ఉంటోంది.