రేటు చెప్పనన్న అసిస్టెంట్, రిపోర్టు చూడని ఏజెంట్: 4/5

ఇక్కడ అమెరికాలో ఇల్లు అమ్మేద్దామనుకుని ఒక రియల్టర్ ఆఫీసులో సీఎంఏ చేయించాం, అంటే చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన ఇళ్లతో పోల్చి మనదానికి ఎంతొస్తుందో చెప్పే రిపోర్టు. ఆఫీసు పేరు అడక్కండి, కింద కొంచెం తిట్లు కూడా ఉన్నాయి.

అంతకుముందు వేరే ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి ఇల్లు చూసి గుమ్మం దాటకముందే ఒక నంబర్ చెప్పేసింది. మా ఆవిడ ఆ నంబర్ పట్టుకుని కొత్తింటి కిచెన్ టైల్స్ దాకా వెళ్లిపోయింది. నాలుగు రోజులకి అసలు ఏజెంట్ వచ్చి బాగా తక్కువ చెప్తే, అదేంటండీ మీ అమ్మాయి అంత చెప్పిందిగా అన్నా, ఆమెకి లైసెన్స్ లేదండీ ఆ మాట లెక్కలోకి రాదు అన్నాడు. లెక్కలోకి రాని మాట చెప్పడానికి మా ఇంటికెందుకు పంపినట్టో మరి.

ఈసారి వచ్చిన అసిస్టెంట్ మన తెలుగమ్మాయే. లేజర్ మీటరు పెట్టి రెండు గంటలు ఓపిగ్గా గది గదీ కొలిచింది, ఫొటోలు తీసింది, రూఫ్ ఎప్పుడు మార్చారు ఫర్నేస్ ఎన్నేళ్లది అన్నీ రాసుకుంది. నేను ఆగలేక ఎంత రావచ్చమ్మా అంటే, "అంకుల్, రేటు మాత్రం నన్ను అడగొద్దు, నేను డేటా తెచ్చి పెట్టేదాన్నే, ఎంతన్నది మా ఏజెంట్ గారే చెప్పాలి" అంది. అప్పుడు ఒళ్లు మండింది గానీ తర్వాత రూల్స్ చదివితే ఆ పిల్లే కరెక్ట్. రూల్స్ స్టేటుని బట్టి మారతాయి కానీ చాలా చోట్ల లైసెన్స్ లేని అసిస్టెంట్ కౌంటీ రికార్డులు తీయొచ్చు, ఎమ్‌ఎల్‌ఎస్‌లో, అంటే ఏజెంట్లంతా వాడే ఇళ్ల లిస్టింగుల డేటాబేస్‌లో, అమ్మకాల డేటా పోగేయొచ్చు, రిపోర్టు టైప్ చేయొచ్చు. ఏ ఇల్లు పోలికకి తీసుకోవాలి, ఎక్స్‌ట్రా బాత్రూమ్‌కి ఎంత కలపాలి, చివరికి ధర ఎంత, ఇవి మాత్రం లైసెన్స్ ఉన్న మనిషి తేల్చాల్సినవి. బేరం సంగతి అసలు మాట్లాడకూడదు. చాలా స్టేట్స్‌లో వాళ్లకి కమిషన్‌లో వాటా కూడా ఇవ్వకూడదు, జీతమే.

ఆ కొలతల్లోనే మాకో షాక్. మేం కొన్నప్పటి లిస్టింగ్‌లో 2,460 చదరపు అడుగులని ఉంది, ఈమె లెక్కలో పైన 1,870, ఫినిష్డ్ బేస్‌మెంట్ 590 విడిగా. ఇదేంటి ఇల్లు చిక్కిపోయిందా అనుకున్నాం! ఆన్సీ అనే అమెరికా ప్రమాణాల సంస్థ కొలత పద్ధతిలో నేల మట్టానికి కొంచెం కిందకున్నా ఆ ఫ్లోర్‌ని పైవాటితో కలపకూడదట, ఎంత బాగా ఫినిష్ చేయించినా సరే. ఏటవాలు సీలింగ్ ఉన్న పై గదిలో కూడా 5 అడుగుల కంటే తక్కువ ఎత్తున్న భాగం వదిలేసింది. బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ లోన్ల అప్రైజల్స్‌కి, అంటే లోన్ కోసం ఇంటి విలువ కట్టడానికి, 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పద్ధతే పెట్టారు, కాబట్టి ఇప్పుడే తెలియడం మంచిదైంది, లేకపోతే 2,460 అని లిస్ట్ చేసేసి తర్వాత బయ్యర్ దగ్గర నీళ్లు నమిలేవాళ్లం.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, అది ఏజెంట్ గారి పుణ్యం. రిపోర్టులో నాలుగు ఇళ్లు పెట్టారు, అందులో ఒకటి మాకు అర మైలు దూరమే గానీ మెయిన్ రోడ్డు అవతల, స్కూల్ జోన్ వేరు. అసిస్టెంట్ దూరాన్ని బట్టి లిస్టు తీసింది, అది ఆమె పని, అందులోంచి ఏరాల్సిన ఆయన చూడకుండానే సంతకం పెట్టేశాడు. నేను ఫోన్ చేసి చెప్తే అవును కదా అని తీసేశాడు, ధర కొంచెం పెరిగింది. సంతకానికే అయితే మనిషెందుకండీ, స్టాంపు చాలదా.

ఇంకోటి, సీఎంఏ వేరు అప్రైజల్ వేరు, ఇది చూపిస్తే బ్యాంకు లోన్ ఇవ్వదు. అప్రైజర్ లైసెన్స్ వేరే, అక్కడైతే విలువ కట్టడంలో ఎవరైనా చెప్పుకోదగ్గ సాయం చేస్తే వాళ్ల పేరు కూడా సర్టిఫికేషన్‌లో రాయాలి. ఇక్కడ మాత్రం ఆ పిల్ల పేరు రిపోర్టులో ఎక్కడా లేదు, పనిలో ముప్పాతిక ఆమెదే.

ఇల్లు కాంట్రాక్టులోకి వెళ్లింది. బయ్యర్ లెండర్ తరఫు అప్రైజర్ బుధవారం వస్తున్నాడు, ఆ అమ్మాయి గీసిన స్కెచ్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టా. ఆయన మళ్లీ మొదట్నుంచీ కొలుచుకుంటాడనుకోండి.