గొంతు పట్టేస్తుంటే: బొటాక్సా, స్వర సాధనా?

మాట మధ్యలో గొంతు బిగిసి తెగిపోతుంటే ముందు అది స్పాస్మోడిక్ డిస్ఫోనియానో (మెదడు సంకేతాల లోపంతో స్వర తంతువులు పట్టేసే జబ్బు), వట్టి కండరాల బిగువో తేలాలి. మొదటిదానిలో రెండు రకాలు. ‘అమ్మ ఎల్లుండి ఊరెళ్ళి ఇడ్లీలు వండాలి’ అన్నప్పుడు మాట నొక్కుకుపోతే, స్వర తంతువులు గట్టిగా మూసుకునే రకం కావచ్చు. ‘పాప కాకరకాయ కోసి పెట్టింది’ అన్నప్పుడు గాలి లీకైతే, తెరుచుకునే రకం. గుసగుసలో, నవ్వులో గొంతు బాగుండటం కూడా ఈ జబ్బుకు ఒక ఆనవాలు. ఏ అక్షరమైనా ఒకేలా పట్టేస్తే కండరాల బిగువును అనుమానించాలి. తరగతి గదిలోనో, మరోచోటో రోజంతా అరిచేవారిలో ఇది మామూలే. అయితే వినికిడితోనే తేల్చకూడదు, ఎండోస్కోపీ (గొంతులోకి సన్నని కెమెరా పంపి చూడటం) కావాలి.

బిగువుకు స్వర సాధనే (వాయిస్ థెరపీ) అసలు మందు. స్పాస్మోడిక్ డిస్ఫోనియాకు మాత్రం, లోపం మెదడు పంపే సంకేతాల్లో ఉంది గనుక, సాధన తోడుగానే పనికొస్తుంది. నెలల తరబడి దాన్నే పట్టుకుని కూర్చోవడం దండగ.

కండరాన్ని కొంతకాలం సడలించే మందు బొటాక్స్‌ను ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలను చూపే పరికరం) సాయంతో మెడ ముందు నుంచి కండరంలోకి ఎక్కిస్తారు. మూసుకునే రకంలో తరచూ ఒక్కో పక్కకు ఒకటి రెండు యూనిట్లతో మొదలుపెడతారు. రెండు మూడు రోజుల్లో పని మొదలై, ఒకటి రెండు వారాలు గొంతు గాలిగా ఉంటుంది, నీళ్లు తాగితే పొలమారవచ్చు. గడ్డం కాస్త వంచి చిన్న గుక్కలుగా తాగాలి. ఫలితం మూడు, నాలుగు నెలలే, మళ్లీ వేయించుకోవాలి. తెరుచుకునే రకంలో ఫలితం తక్కువ. ఊపిరికి ఇబ్బంది రాకుండా చాలామంది ఒక్కో పక్కే వేస్తారు.

నెల్లూరు నుంచి చెన్నై బస్సెక్కే ముందు, ఈఎంజీతో వేస్తారా అని అక్కడి ఆసుపత్రిని ఫోన్లో అడగండి.