పిల్లల మోకాలి పట్టీ: మూడు స్టార్లు చాలు

హైస్కూల్లో పిల్లలకు కబడ్డీ, ఖోఖో ఆడిస్తాను. మా జట్టులో ఎనిమిదో తరగతి కుర్రవాడి కోసం వాళ్ల నాన్నగారు మెడికల్ షాపులో ఈ పట్టీ కొన్నారు. మోకాలి చిప్పకు కింద బిగించే సన్న రకం ఇది.

ఆ అబ్బాయికి చిప్ప కింద ఎముక మీద బొడిపె లేచింది. దాన్ని నొక్కితే ప్రాణం పోయినట్టు అరిచేవాడు. డాక్టరు దీన్ని ఆస్గుడ్ ష్లాటర్ అనే మోకాలి సమస్య అన్నారు. ఎదిగే వయసులో అక్కడి ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. గెంతినప్పుడల్లా తొడ కండరం దాన్ని లాగుతూ ఉంటుంది. ఎదుగుదల ఆగాక నొప్పి సాధారణంగా పోతుంది, బొడిపె మిగిలినా మిగలవచ్చు. పట్టీ కట్టుకుంటే ఆటలో హాయిగా ఉందన్నాడు. అయితే గెంతులు తగ్గించి, తొడ కండరాలు సాగదీసే వ్యాయామాలు కూడా చేయించాం కాబట్టి మెప్పంతా పట్టీకే ఇవ్వలేను.

వెల్క్రో మాత్రం నాసిరకం. కోర్టు మట్టి పట్టిందంటే ఇక అంటుకోదు. చెమటకు చర్మం ఎర్రబడింది కూడా.

నాకు అసలు కోపం పెట్టె మీది రాత చూస్తే వచ్చింది. 'పిల్లల అన్ని రకాల మోకాలి నొప్పులకు' అట! తొమ్మిదో తరగతిలో కాస్త బొద్దుగా ఉండే ఇంకో అబ్బాయి కుంటుతుంటే, ఇంట్లోవాళ్లు ఇదే పట్టీ కొంటామన్నారు. నొప్పి మోకాల్లోనే అంటాడు, మోకాలు ఎక్కడ నొక్కినా నొప్పి లేదు. నడిస్తే పాదం బయటికి తిరుగుతోంది. ముందు తుంటికి ఎక్స్‌రే తీయించండి, అంతవరకు కాలు మోపనివ్వకండి అని పట్టుబట్టాను. తొడ ఎముక తల ఎదుగుదల పొర దగ్గర జారిందని తేలింది. వెంటనే ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. తుంటిలోని నొప్పి, నరాల దారి ఒకటే కావడంతో, మోకాల్లో తెలుస్తుంది. పట్టీ కట్టి ఆడించి ఉంటే ఇంకా జారేది.

చిన్న పిల్లల్లో తుంటి బంతికి, అంటే ఆ తొడ ఎముక తలకే, రక్తం అందని పెర్తీస్ జబ్బు కూడా ఇలాగే కుంటిస్తుంది. జ్వరంతో పాటు కాలు మోపలేకపోతే అది కీలులో చీము కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక స్టార్ వెల్క్రోకు, ఇంకొకటి పెట్టె మీది రాతకు తగ్గించాను. డాక్టరు చూసి కట్టమంటే కొనండి. పెద్దల సైజు పిల్లల కాలికి జారిపోతుంది, అబ్బాయిని వెంట తీసుకెళ్లి కట్టి చూసుకోండి.